పత్తి ఓటుకు అడ్డురాని ఆచారం

పాలస్తీనా చరిత్ర చదివినవారికి రాల్ఫ్ బంచ్ అనే పేరు ఎక్కడో ఒకచోట తారసపడే ఉంటుంది. 1948 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్‌ను జెరూసలేంలో యూదు తీవ్రవాద ముఠా కాల్చి చంపింది. ఆ బాధ్యతను భుజాన వేసుకుని, మరుసటి ఏడాది రోడ్స్ ద్వీపం కేంద్రంగా ఇజ్రాయెల్‌కూ నాలుగు అరబ్బు దేశాలకూ మధ్య యుద్ధవిరమణ ఒప్పందాలు కుదిర్చినవారు ఈ బంచ్. అందుకు 1950లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. నోబెల్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. ఆ ఒప్పందాల వల్ల ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పాలస్తీనీయులకు ఒరిగిందేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మేము నేడు చెప్పదలచుకున్నది ఆ బంచ్ గురించి కాదు. అంతకు పదేళ్ల ముందు, చేతిలో నోటుపుస్తకంతో అమెరికా దక్షిణాది పల్లెల్లో తిరిగి, ఇక్కడ ఎవరికి ఓటుంది, ఎవరికి లేదు, లేనివారికి ఎందుకు లేదు అని అడిగిన బంచ్ గురించి. ఆయన వృత్తి రాజనీతి శాస్త్రం. మా భాషలో చెప్పాలంటే మొదట ఆయనా మాలాంటి పంతులే.

ఆయన 1903లో డెట్రాయిట్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి చనిపోయింది, తండ్రి దూరమయ్యాడు. లాస్ ఏంజెలెస్‌లో అమ్మమ్మ లూసీ జాన్సన్ పెంచింది. ఉన్నత పాఠశాలలో ఆయనే ప్రథముడు. అయినా నగరంలోని మేటి విద్యార్థులను చేర్చుకునే గౌరవ సంఘంలో ఆయనకు చోటు దొరకలేదు. కారణం చర్మం రంగు. బడి ముగిసిన రోజున ప్రిన్సిపాల్ అమ్మమ్మ దగ్గరకు వచ్చి, మీ రాల్ఫ్‌ను మేమెప్పుడూ నల్లవాడిగా చూడలేదండీ అని మెచ్చుకోలుగా అన్నాడట. ఆమెకు కోపం వచ్చింది. మా జాతిని చిన్నబుచ్చే ఆ మాట మీరు అనవలసింది కాదు, వాడు నల్లవాడే, అందుకు గర్విస్తున్నాడు అని అక్కడికక్కడే చీవాట్లు పెట్టింది. ఇలాంటి మెప్పులు మన పాఠకులకు కొత్త కాదు. "మీరు ముస్లింలా కనిపించరండీ" అన్న మాటను ప్రశంసగా అందుకుని నవ్వవలసి వచ్చిన అనుభవం మనలో చాలామందికి ఉంది. లూసీ జాన్సన్‌లా జవాబు చెప్పినవారు తక్కువ.

తరువాత అక్కడి విశ్వవిద్యాలయంలోనూ ప్రథముడై, 1927లో పట్టా పుచ్చుకున్నారు. హార్వర్డ్‌లో చదువుకు ఫీజు మినహాయింపు దొరికింది. ప్రయాణానికీ తిండికీ డబ్బు లేదు. లాస్ ఏంజెలెస్ నల్లజాతి మహిళలు పూనుకుని వెయ్యి డాలర్లు పోగుచేసి పంపారు. 1934లో ఆయనకు డాక్టరేట్ వచ్చింది. రాజనీతి శాస్త్రంలో హార్వర్డ్ నుంచి ఆ పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థి. పశ్చిమాఫ్రికాలోని టోగోలాండ్, దహోమీలలో ఫ్రెంచి పాలనపై ఆయన రాసిన సిద్ధాంత వ్యాసానికి విశ్వవిద్యాలయం బహుమతి కూడా ఇచ్చింది. ఇంత చదివినా తెల్లవారి విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పదవి ఆనాడు నల్లవారికి దొరికేది కాదు. అందుకని అలాంటి మేధావులంతా వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయానికే చేరేవారు. సమాజ శాస్త్రంలో ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్, అర్థశాస్త్రంలో ఏబ్రమ్ హ్యారిస్, తత్వశాస్త్రంలో అలేన్ లాక్. ఒకే ఆవరణలో ఇందరు ఉద్దండులు ఉండటం చూసి ముచ్చటపడాలో, మరే తలుపూ తెరుచుకోనందువల్ల అక్కడ చేరారని బాధపడాలో తెలియదు. అక్కడ రాజనీతి శాస్త్ర శాఖను 1928లో స్థాపించినవారు బంచ్.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆయన ఎన్నికల గురించి పాఠం చెప్పిన ఆ వాషింగ్టన్ నగరంలో నివసించేవారికి, తెల్లవారికైనా నల్లవారికైనా, దేశాధ్యక్షుని ఎన్నికలో ఓటే లేదు. 1961 రాజ్యాంగ సవరణతో ఆ హక్కు వచ్చింది, 1964లో తొలిసారి ఓటు వేశారు. రాజధానిలో కూర్చుని ప్రజాస్వామ్యం బోధించే పంతులుగారికి ఆ ఊళ్లో ఓటు లేదన్నమాట!

ఆ రోజుల్లో బంచ్ ఓటును పెద్దగా నమ్మేవారు కాదు. 1936లో జాతి భావన మీద ఒక చిన్న పుస్తకం రాశారు. జాతి అనే మాటకు శాస్త్రీయమైన పునాది లేదు, బలవంతులు తమ దోపిడీని సమర్థించుకోవడానికి దాన్ని వాడుకుంటారు అన్నది అందులోని సారాంశం. నల్ల కూలీ, తెల్ల కూలీ చేతులు కలిపితే తప్ప, ఒట్టి ఓటు చీటీ వల్ల ఎవరి పొట్టా నిండదని వాదించేవారు. ఆ పుస్తకం తొందరలో రాసినదని తరువాత ఆయనే అన్నారు. మా అభిప్రాయంలో అందులో సగం నిజం ఉంది. కడుపు కాలుతున్నవాడికి ఓటు ఒక్కటే అన్నం పెట్టదు, నిజమే. అయితే ఓటు లేనివాడి ఆకలిని ఏ అధికారీ లెక్కలోకి తీసుకోడన్నది మిగతా సగం. ఆ సగం ఆయనకు గ్రంథాలయంలో దొరకలేదు. ఊళ్లు తిరిగితే దొరికింది.

1930ల చివర కార్నెగీ సంస్థ అమెరికాలో నల్లజాతి స్థితిగతులపై పెద్ద పరిశోధన తలపెట్టింది. దాన్ని స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్‌కు అప్పగించింది. దక్షిణాసియా పేదరికంపై 'ఏషియన్ డ్రామా' రాసిన మిర్డాల్ ఈయనే. అమెరికా పుస్తకం 1944లో వచ్చింది. దానికోసం సమాచారం సేకరించినవారిలో ముఖ్యులు బంచ్. 1939, 1940లలో ఆయనా ఆయన సహాయకులూ దక్షిణాది రాష్ట్రాల్లో వందలాది మందిని కలిశారు. నల్లవాడు వెళితే తెల్ల అధికారి నోరు విప్పడు గనుక, ఆ కార్యాలయాలకు జార్జ్ స్టోనీ అనే తెల్ల యువకుణ్ణి పంపారు. సాటి తెల్లవాడే కదా అని నమోదు అధికారులు మనసులో మాట దాచుకోకుండా చెప్పేశారు. బంచ్ మిర్డాల్‌కు పంపిన నివేదికలన్నీ కలిపితే మూడు వేల టైపు పేజీలు దాటాయి.

వాటిలో తేలినదేమిటి? అమెరికా రాజ్యాంగానికి 1870లో చేసిన పదిహేనవ సవరణ, జాతినిబట్టి, రంగునుబట్టి ఎవరికీ ఓటు నిరాకరించరాదని చెబుతోంది. ఆ సవరణను దక్షిణాది రాష్ట్రాలేవీ బాహాటంగా ఎదిరించలేదు. తమ చట్టాల్లో ఎక్కడా "నల్లవాడికి ఓటు లేదు" అని రాయలేదు. అలబామా సంగతి చూడండి. 1901లో అది కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటరుగా చేరాలంటే చదవడం, రాయడం వచ్చి ఉండాలి, లేదా నలభై ఎకరాల పొలమో మూడు వందల డాలర్ల ఆస్తో ఉండాలి. ఏటా డాలరున్నర ఓటుపన్ను కట్టాలి. కట్టని ఏళ్ల బకాయి కూడుతూ పోయి, గరిష్ఠంగా ముప్ఫై ఆరు డాలర్లయ్యేది. పత్తిచేలో పొద్దస్తమానం పనిచేసినా డాలరు దొరకని రోజులవి. ఈ నిబంధనల్లో ఎక్కడా రంగు మాట లేదు. ఫలితం మాత్రం చూడండి. 1900లో ఆ రాష్ట్రంలో ఓటుకు అర్హులైన నల్లజాతి పురుషులు సుమారు 1,80,000 మంది. 1903 నాటికి నమోదైనవారు సుమారు 3,000.

చదువు వచ్చో రాదో తేల్చేదెవరు? బల్ల వెనుక కూర్చున్న నమోదు అధికారి. రాజ్యాంగంలో ఫలానా వాక్యానికి అర్థం చెప్పమంటాడు. తెల్ల రైతు తప్పు చెప్పినా సరేనంటాడు, నల్ల పంతులు ఒప్పు చెప్పినా తల అడ్డంగా ఊపుతాడు. మీ నడవడికకు హామీ ఇచ్చే ఓటరును తీసుకురమ్మంటాడు, అంటే తెల్లవాణ్ణి. అర్జీ పత్రాలు అయిపోయాయంటాడు. ఇంకోరోజు రమ్మంటాడు. ఇవన్నీ దాటుకుని ఓటరైనా, అక్కడ గెలిచేది ఒకే పార్టీ. ఆ పార్టీ అభ్యర్థిని నిర్ణయించే ప్రైమరీయే అసలైన ఎన్నిక. పార్టీ అంటే ప్రైవేటు సంఘం కదా, ఎవరిని చేర్చుకోవాలో మా ఇష్టమంటూ అందులో తెల్లవారినే ఓటు వేయనిచ్చేవారు. 1935లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1944లో టెక్సాస్ కేసులో గాని చెల్లదనలేదు. 1940 ప్రాంతంలో దక్షిణాది మొత్తంమీద నల్లజాతి వయోజనుల్లో ఓటర్లుగా ఉన్నవారు నూటికి ముగ్గురికి అటూ ఇటూ ఉంటారని అంచనా.

బంచ్ గమనించిన మరో సంగతి, ఈ ఓటుపన్ను లక్షలాది పేద తెల్లవారిని కూడా ఓటుకు దూరం చేసింది. నల్లవాడిని ఆపడానికేనని చెప్పి కట్టిన గోడకు ఇవతలే వారూ మిగిలిపోయారు. గోడ మనది అనుకున్నారు గనుక అడగలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ నివేదికల్లో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది పత్తి ఓటు. 1930లలో పత్తి ధర పడిపోయింది. పంటను అదుపు చేయడానికి రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. 1938 నుంచి ఎంత పత్తి అమ్మవచ్చో కోటా నిర్ణయించాలంటే పత్తి రైతుల్లో ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అందుకు ఊరూరా ఓటింగు పెట్టారు. భూయజమానితోపాటు కౌలుదారుకూ, పాలికాపుకూ ఓటు ఇచ్చారు. రంగు అడగలేదు. అలబామాలో, జార్జియాలో, మిసిసిపీలో వేలాది నల్ల రైతులు తెల్ల రైతులతో పాటు అవే పోలింగు కేంద్రాలకు వెళ్లి, వారి వరుసల్లోనే నిలబడి ఓటు వేసి ఇళ్లకు వెళ్లారు. గొడవలు జరగలేదు. ఆకాశం విరిగిపడలేదు.

ఆ రోజుల్లో దక్షిణాది పెద్దమనుషులు ఏమనేవారు? నల్లవాళ్లకు ఓటు మీద ఆసక్తి లేదు అనేవారు. ఓటంటే ఏమిటో వారికి అర్థం కాదు అనేవారు. తెల్లవారితో కలిసి వరుసలో నిలబడితే నెత్తురు పారుతుంది, ఇది తరతరాల ఆచారం, చట్టాలతో మారదు అనేవారు. మేము మదర్సాలో మన్తిఖ్, అంటే తర్కశాస్త్రం, చదువుకున్న రోజుల్లో మా ఉస్తాద్ మొదట నేర్పిన సూత్రాల్లో ఒకటి ఇది: "ఎన్నడూ జరగదు" అన్న వాదాన్ని పడగొట్టడానికి "ఒకసారి జరిగింది" అని చూపిస్తే చాలు. బంచ్ ఆ ఒక్కసారిని చూపించారు. ఒక్కసారి కూడా కాదు, ఏటేటా. పత్తి ధరకు ఓటు కావలసి వచ్చినప్పుడు ఆచారం అడ్డు రాలేదు. షెరీఫును, జడ్జిని, పన్ను వేసే అధికారిని ఎన్నుకునే ఓటు అయ్యేసరికి ఆచారం గుర్తొచ్చింది. పత్తి ఓటులో నల్లవాడి "అవును" భూస్వామికీ అవసరమే మరి! కౌలుదారుల్ని బండెక్కించి తీసుకువచ్చిన దొరలూ ఉన్నారు. అంటే అడ్డం వచ్చింది ద్వేషం ఒక్కటే కాదు, అధికారం చేజారుతుందన్న లెక్క కూడా. ద్వేషం లెక్కలు చూడదనుకుంటాం గాని, అది చాలా జాగ్రత్తగా లెక్క చూస్తుంది.

1941లో యుద్ధం కారణంగా బంచ్ ప్రభుత్వ కొలువులో చేరారు. అక్కడినుంచి ఐక్యరాజ్యసమితికి వెళ్లారు. తరగతి గదికి మళ్లీ రాలేదు. 1950లో హార్వర్డ్ పిలిచి ప్రొఫెసర్ పదవి ఇచ్చింది, ఒప్పుకున్నారు గాని ఒక్క పాఠం చెప్పకుండానే 1952లో రాజీనామా చేశారు. ప్రపంచానికి ఒక దౌత్యవేత్త దొరికాడని అందరూ అంటారు. ఒక మంచి పంతులు పోయాడని మాకు అనిపిస్తుంది. అంతకు ముందు, 1949లో అధ్యక్షుడు ట్రూమన్ విదేశాంగ శాఖలో ఉన్నత పదవి ఇవ్వజూపితే వద్దన్నారు. మళ్లీ వాషింగ్టన్‌లో కాపురం పెట్టాలి, అక్కడి వర్ణ వివక్షను పిల్లలు భరించాలి, అది నావల్ల కాదన్నారు. 1953లో అమెరికా రాజనీతి శాస్త్ర సంఘానికి అధ్యక్షుడయ్యారు, నల్లజాతివారిలో మొదటివారు. రెండో వ్యక్తి లూషియస్ బార్కర్ ఆ పీఠం ఎక్కింది 1992లో. నోబెల్ వచ్చాక కూడా 1954లో ఆయన విధేయతను శంకించి, 1930ల నాటి సంబంధాలు తవ్వి ప్రశ్నించారు, చివరికి నిర్దోషి అన్నారు. 1959లో న్యూయార్క్‌లో ఆయన కొడుకు టెన్నిస్ నేర్చుకునే క్లబ్బులో సభ్యత్వం గురించి అడిగితే, నల్లవారినీ యూదులనూ చేర్చుకోమన్నారు. పత్రికల్లో గగ్గోలు పుట్టాక రమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. మిసిసిపీలో అందరికంటే అట్టడుగున ఉన్న నల్లవాడు వివక్ష నుంచి బయటపడేదాకా ఏ నల్లవాడూ బయటపడినట్టు కాదని ఆయన జవాబు.

మాల్కం ఎక్స్ ఆయన్ను తెల్లవారి చెప్పుచేతల్లో ఉన్న మనిషి అని తీవ్రంగా ఎద్దేవా చేశారు. మాల్కంపై మన పాఠకులకున్న అభిమానం మాకూ ఉంది. అయినా ఈ విషయంలో ఆయన తూకం సరైనదని మేము అనుకోవడం లేదు. 1965 మార్చిలో అలబామాలోని సెల్మా నుంచి మాంట్‌గోమరీకి ఓటు హక్కు యాత్ర బయలుదేరింది. సెల్మా ఉన్న డల్లస్ కౌంటీలో సుమారు 15 వేల మంది నల్లజాతి వయోజనులుంటే, ఓటర్లు మూడు వందల పైచిలుకు. నమోదు కార్యాలయం తెరిచేది నెలకు రెండు రోజులు. అరవై దాటిన బంచ్, చక్కెర వ్యాధితో, కాళ్ల నొప్పులతో, మార్టిన్ లూథర్ కింగ్ పక్కన ముందు వరుసలో నడిచారు. పాతికేళ్ల కిందట ఆయన నోటుపుస్తకంలో రాసుకున్న అలబామాయే అది. ఆ ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. మిసిసిపీలో అంతకు ముందు నూటికి ఏడుగురు కూడా లేని నల్లజాతి ఓటర్లు 1967 నాటికి నూటికి అరవై అయ్యారు. రెండేళ్లలో మనుషులు మారిపోతారా? మారింది బల్ల వెనుక అధికారం. చరిత్రలో చెడ్డపేరున్న ప్రాంతాలు ఎన్నికల నిబంధనలు మార్చుకోవాలంటే ముందే కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది ఆ చట్టానికి వెన్నెముక. 2013లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఆ ఏర్పాటును నిలిపివేసింది. కేసు వేసిన షెల్బీ కౌంటీ ఉన్నదీ అలబామాలోనే.

మన దేశానికి ఆ పాట్లు తప్పాయి. చదువు, ఆస్తి, పన్ను అడగకుండా 1950లోనే రాజ్యాంగం అందరికీ ఓటు ఇచ్చింది. ఉర్దూలో ఓటు హక్కును హఖ్-ఎ-రాయ్ దహీ అంటారు, అభిప్రాయం చెప్పే హక్కు అని. అయితే ఇక్కడ కూడా ఆ హక్కు చేతికి అందేది ఫెహ్రిస్తు ద్వారానే, అంటే జాబితా ద్వారానే. తొలి ఎన్నికలప్పుడు తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే చెప్పిన సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు కొట్టేశారు. 2018 డిసెంబరులో తెలంగాణ పోలింగు రోజున జాబితాలో పేరు లేక వెనుదిరిగినవారు ఎందరో, ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2025లో బీహారు జాబితా సవరణలో ముసాయిదా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. ఏ పేరు ఎందుకు తీశారో బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. చనిపోయినవారు, ఊరు మారినవారు వాటిలో ఉంటారు, కాదనం. ఇదంతా అలబామా అని మేము అనడం లేదు. అలబామాలో ఉద్దేశం ముందు పుట్టింది, నిబంధన తరువాత. ఇక్కడ అలా జరిగిందనడానికి లెక్కలు కావాలి. మా బాధ ఆ లెక్కల గురించే.

మన ఇళ్లలో అర్జీలు నింపిపెట్టేది చాలాసార్లు మేమే గనుక తెలుసు. ఉర్దూలో ఒకటే అయిన పేరు తెలుగులోకి వచ్చేసరికి మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్ అవుతుంది. షేక్ ఒక కార్డులో ముందుంటుంది, మరో కార్డులో వెనకుంటుంది. పెళ్లయిన ఆడపిల్ల పేరు చివర బీ పోయి బేగం వస్తుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లున్న మనిషి బల్ల ముందు నిలబడితే, అటు కూర్చున్నవాడి మంచితనమే దిక్కు. ఎన్ని పేర్లు ఇలా పోతున్నాయి, వాటిలో ఏ వీధివి ఎన్ని, అడిగితే అధికారి ఏమన్నాడు? డిగ్రీ చదువుతున్న మన పిల్లలు రాజనీతి శాస్త్రం పరీక్షకు నిర్వచనాలు బట్టీపడుతున్నారు. ఒక పోలింగు కేంద్రం జాబితా చేతపట్టుకుని వంద గడపలు ఎక్కి దిగమని చెప్పే అధ్యాపకులు మాకు తెలిసినంతలో అరుదు. ఆవేశంగా వ్యాసాలు రాసేవారికి మాత్రం కొదవ లేదు, ఈ పేజీలోనూ.

బంచ్ 1971 డిసెంబరు 9న కన్నుమూశారు. మిర్డాల్ కోసం ఆయన రాసిన ఓటు నివేదిక ఆయన బతికుండగా పుస్తకంగా రాలేదు. గ్రంథాలయంలో టైపు ప్రతిగానే పడి ఉంది. 1973లో అచ్చయింది. స్టోనీతో నమోదు అధికారులు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి.